ప్లాస్టిక్ బొమ్మకూ వార్ధక్యం

1977 మే నెలలో "స్టార్ వార్స్" చలనచిత్రం అమెరికాలో విడుదలైంది. దానికి లభించిన ఆదరణ బొమ్మల తయారీదారుల అంచనాలను మించిపోయింది. క్రిస్మస్ పండుగ దగ్గరపడినా, అందులోని పాత్రల బొమ్మలు సిద్ధం కాలేదు. కెన్నర్ అనే సంస్థ అప్పుడొక చిత్రమైన ఉపాయం పన్నింది. బొమ్మలకు బదులు ఒక అట్ట కవరులో ధ్రువపత్రం పెట్టి అమ్మింది! ఆ పత్రాన్ని తిప్పి పంపిన పిల్లలకు మరుసటి ఏడు, అంటే 1978లో, నాలుగు బొమ్మలు తపాలాలో అందాయి.

పిల్లలు నాలుగు రోజులు ఆడుకొని పారవేస్తారనుకున్న ఆ అరచేతి బొమ్మల కోసం నేడు వేలంపాటల్లో పెద్దలు పోటీ పడుతున్నారు. కాని డబ్బు పోసి కొని, బీరువాలో భద్రం చేసిన బొమ్మను కొన్నేళ్ల తర్వాత తీసి చూస్తే తెల్లని సైనికుడి దేహం పసుపు పచ్చగా మారి ఉంటుంది. మరొక బొమ్మ చేతికి జిగటగా తగులుతుంది. ఇంకొకదాని నడుము పట్టు వదలి, అది రెండు ముక్కలుగా ఊడివస్తుంది. ఎవరూ తాకలేదు, ఎవరూ పడవేయలేదు. మరి ఏమైంది?

ప్లాస్టిక్‌కు చావు లేదని మనమంతా నమ్ముతున్నాం. చెత్తకుప్పలో అది తరతరాలు మట్టిలో కలవకుండా ఉండే మాట నిజమే. అయితే పదార్థం మిగలడం వేరు, వస్తువు రూపం, రంగు, సౌష్ఠవం నిలవడం వేరు. ప్రపంచ ప్రసిద్ధ శిల్పి నౌమ్ గాబో 1920, 1930 దశకాలలో సెల్యులోజ్ ప్లాస్టిక్కులతో నిర్మించిన శిల్పాలు కొన్ని వంకరలు పోయి, పగుళ్లు వారి, ప్రదర్శనకే పనికిరాని స్థితికి చేరాయి. మ్యూజియం శిల్పానికి తప్పని వార్ధక్యం పిల్లవాడి బొమ్మకు మాత్రం తప్పుతుందా?

మొదట గ్రహించవలసింది ఒకటుంది. ప్లాస్టిక్ అనేది ఒక పదార్థం కాదు. అనేక పదార్థాల ఉమ్మడి పేరు. ఒకే బొమ్మలో రెండు మూడు రకాలు కలిసి ఉండవచ్చు. మొండెం గట్టి ప్లాస్టిక్, తల మెత్తని వినైల్, లోపల రబ్బరు. 1982లో వచ్చిన చిన్న "జి.ఐ.జో" సైనికుల నడుమును ఒక రబ్బరు వలయమే పట్టి ఉంచేది. మన దేశంలో ఫన్‌స్కూల్ సంస్థ తయారుచేసిన జి.ఐ.జో బొమ్మలకూ నేడు విదేశాలలో సేకర్తలున్నారు. ఏళ్లు గడిచి ఆ వలయం ఎండి తెగిపోతే, చెక్కుచెదరని సైనికుడు కూడా కూలిపోతాడు. అదృష్టవశాత్తు వలయాన్ని మార్చవచ్చు. వినైల్‌కు వచ్చిన జబ్బుకు అటువంటి మార్పిడి లేదు.

పీవీసీ అని మనం పిలిచే వినైల్ స్వతహాగా గట్టి పదార్థం. దానికి మెత్తదనం తేవడానికి నూనెవంటి ద్రవాన్ని కలుపుతారు. మెత్తని బొమ్మ బరువులో ఈ ద్రవం మూడింట ఒక వంతు దాకా ఉండవచ్చు. అది వినైల్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు. అందుచేత కాలక్రమాన మెల్లగా పైకి ఊరుతుంది. బొమ్మ మీద మనకు తగిలే జిగట అదే. ఆ ద్రవం ఆవిరైపోతే బొమ్మ గట్టిపడి, కుంచించుకుపోయి, పెళుసెక్కుతుంది.

బొమ్మను పాలిథిన్ సంచిలో చుట్టి దాచడం చాలామందికి అలవాటు. కాగితంలో పొట్లం కట్టిన మైసూరుపాకు నుంచి నెయ్యి కాగితంలోకి దిగినట్లే, వినైల్‌లోని ద్రవాన్ని పాలిథిన్ పీల్చుకుంటుంది. డెన్మార్క్ జాతీయ మ్యూజియంలో జరిగిన పరిశోధనలు ఈ సంగతిని నిర్ధారించాయి. మూత బిగించిన గాజు పాత్రవంటి, దేనినీ పీల్చుకోని చోట ఉంచిన పీవీసీలో ఈ నష్టం చాలా నెమ్మదించింది.

అయితే అన్ని బొమ్మలనూ గాజు సీసాల్లో బిగించవచ్చునా? కూడదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ల సెల్యులాయిడ్ బొమ్మలకు ఆ పనే ప్రాణాంతకం. అవి శిథిలమయ్యేటప్పుడు ఆమ్ల వాయువులను వెలువరిస్తాయి. మూసిన పెట్టెలో ఆ వాయువులు చిక్కుకొని బొమ్మను మరింత త్వరగా తినివేస్తాయి. పక్కనున్న వస్తువులనూ చెరుపుతాయి. పైగా సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది. దానికి గాలి ఆడే చోటు, నిప్పుకు దూరం, ఒంటరి నివాసం అవసరం. ఒకదానికి అమృతమైనది మరొకదానికి విషం.

రకాన్ని పోల్చడానికి ముక్కు కొంత సాయపడుతుంది. కర్పూరపు వాసన సెల్యులాయిడ్‌కు గుర్తు. వెనిగర్ పులుపు సోకితే అది శిథిలమవుతున్న సెల్యులోజ్ ఎసిటేట్. కొత్త రెయిన్‌కోటు వాసన వినైల్‌ది.

రకమేదైనా ఎండ, వేడి ఉమ్మడి శత్రువులు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు అణువుల గొలుసులను తెంచుతాయి. ఆ నష్టం రోజురోజుకూ పోగుపడుతుందే గాని తిరిగి పూడదు. పసుపెక్కిన గట్టి ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి, ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి 2008 నుంచి సేకర్తలలో ప్రచారం పొందింది. తెలుపు వస్తుంది, నిజమే. కాని పసుపు మళ్లీ తిరిగిరావచ్చు. పై పొర దెబ్బతినవచ్చు.

ఇక ఇరుగుపొరుగు సంగతి. బడిపిల్లల జామెట్రీ బాక్సులో రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి, దాని మీద గుంట పడటం అందరూ చూసినదే. మెత్తని బొమ్మ గట్టి బొమ్మకు ఆనుకొని ఉంటే జరిగేదీ అంతే. కలరా ఉండలు బట్టల పెట్టెకు మేలు చేస్తాయి; కొన్ని ప్లాస్టిక్కులను మాత్రం మెత్తబరిచి పాడుచేస్తాయి. వార్తాపత్రికలో చుడితే సిరా వినైల్‌కు అంటుతుంది. తొలినాటి బార్బీ బొమ్మల చెవులు కమ్మల లోహం తగిలి ఆకుపచ్చగా మారడం సేకర్తలకు సుపరిచితమైన వ్యాధి.

కనుక బొమ్మను అటక మీద, రేకుల గదిలో పెట్టకూడదు. ఇంటి లోపల చల్లగా, పొడిగా ఉండే గదిలో, ఎండ సోకని బీరువాలో, ఒకదానినొకటి తాకకుండా నిలపాలి. వేసవిలో మెత్తని కాళ్ల బొమ్మ తన బరువుకే వంగిపోతుంది. దానిని పడుకోబెట్టడం మేలు. వినైల్ బొమ్మకు జిగట కనిపిస్తే గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి సబ్బు కలిపి మెత్తని గుడ్డతో, రంగులు చెదరకుండా తుడిచి ఆరబెట్టాలి. స్పిరిట్, థిన్నర్ దరిచేరనీయరాదు. తెరవని డబ్బాలోని బొమ్మ అయినా ఏటా రెండుసార్లు చూడవలసిందే. ఆ డబ్బా మీది పారదర్శకపు ప్లాస్టిక్ కూడా ముసలిదవుతుంది గదా! చూసినప్పుడల్లా ఒక ఛాయాచిత్రం తీసి, తేదీ వేసి ఉంచితే, కంటికి అందని మార్పు కూడా ఏడాది తిరిగేసరికి బయటపడుతుంది.

ఇవన్నీ పాటించినా కాలం ఆగదు. మ్యూజియం నిపుణులు సైతం శైథిల్యాన్ని మందగింపజేయగలరే గాని వెనక్కు మళ్లించలేరు. అయినా శ్రద్ధ చూపిన చోట పదేళ్లలో పాడయ్యే బొమ్మ మరికొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. తాత ఆడుకున్న సైనికుడు మనుమడి చేతికి అందడానికి ఆ వ్యవధి చాలు. మందు లేని వ్యాధికి పథ్యమే వైద్యం. ఏ బొమ్మకు ఏ పథ్యమో తెలుసుకోవడమే అందులో మొదటి మెట్టు.