డెట్రాయిట్ అరబ్బులు: 1,016 మంది చెప్పిన లెక్క

2003 జులై. సెప్టెంబరు 11 దాడులు జరిగి రెండేళ్లు నిండలేదు, ఇరాక్‌లో అమెరికా సేనలు దిగి నాలుగు నెలలు. వీసా మీద వచ్చిన అరబ్బు, ముస్లిం దేశాల మగవాళ్లను పిలిపించి వేలిముద్రలు తీసుకున్న కాలమది. మిషిగన్ విశ్వవిద్యాలయం సర్వేకు దిగింది సరిగ్గా అప్పుడే. డెట్రాయిట్ చుట్టుపక్కల అరబ్బుల ఇళ్లకు వెళ్లి మతం, పుట్టిన దేశం, ప్రభుత్వంపై నమ్మకం, అన్నీ అడగాలి. తలుపు ముఖాన వేసేస్తారనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ డిసెంబరులోగా 1,016 మంది ఎదురుగా కూర్చుని జవాబులిచ్చారు. ఎంపిక చేసినవాళ్లలో వీళ్లు దాదాపు 74 శాతం. మామూలు రోజుల్లో, మామూలు సర్వేలకే అంత రావడం కష్టం.

ఆ 74 వెనక ఇరవైకి పైగా స్థానిక సంఘాలున్నాయి. మసీదులు, చర్చిలతో సంబంధమున్నవి, సేవాసంస్థలు, అన్నీ. 1971 నుంచి డెట్రాయిట్ పక్కనున్న డియర్‌బోర్న్‌లో వలస కుటుంబాలకు అండగా ఉన్న 'యాక్సెస్' లాంటి సంస్థలకు ఆ ఊళ్లో ఉన్న పరపతి ఏ ప్రొఫెసరుకూ ఉండదు. సంఘాల ప్రతినిధులు సలహా మండలిలో కూర్చున్నారు. పేరు దగ్గరే జాగ్రత్త పడాల్సి వచ్చింది: ఇరాక్ నుంచి వచ్చిన కల్దీయ క్రైస్తవుల్లో చాలామంది తమను అరబ్బులంటే ఒప్పుకోరు. అందుకే సర్వే ఎప్పుడూ 'అరబ్బులు, కల్దీయులు' అని రెండు పేర్లూ చెబుతుంది.

మనుషుల్ని ఎంచడానికి రెండు దారులు పట్టారు. మూడు కౌంటీల్లో అరబ్బు, కల్దీయ మూలాలవాళ్లు 10 శాతమో, అంతకు మించో ఉన్న పేటలు ఒకటి, సంఘాల జాబితాలు రెండోది. జాబితా ఒక్కటే చాలదు. ఆ మూడింటిలో ఒకటైన ఓక్లండ్ కౌంటీలోని ట్రాయ్, నోవైలలో ఇవాళ తెలుగువాళ్లకు కొదవ లేదు. వాళ్లను మన సంఘాల చందాదారుల పట్టీతో లెక్కపెడితే పండగకు కూడా రానివాళ్లు లెక్కలోంచి మాయమైపోరూ?

ఇక ఫలితాలు. అరబ్బు అనగానే ముస్లిం అనుకునేవాళ్లకు మొదటి అంకె చాలు: ఇక్కడ క్రైస్తవులు 58 శాతం, ముస్లింలు 42. నలుగురిలో ముగ్గురు బయటి దేశాల్లో పుట్టినవాళ్లే, అయినా 79 శాతం మందికి అమెరికా పౌరసత్వముంది. అమెరికన్‌గా గర్వపడతామన్నవాళ్లు 91 శాతం. పోల్చి చూడటానికి అదే ప్రాంతంలో మరో 508 మంది సాధారణ జనాన్నీ అడిగారు. వాళ్లలో ఇది 94. గర్వంలో తేడా మూడే పాయింట్లు. అరబ్బులపై నిఘా పెంచాలా అన్నప్పుడు మాత్రం సాధారణ జనంలో 49 శాతం సరేనన్నారు, అరబ్బుల్లో 17. సర్వే మొత్తంలో నాకు ముఖ్యమనిపించేది ఈ జంటే.

దాడుల తర్వాత తమకు చేదు అనుభవం ఎదురైందన్నవాళ్లు 15 శాతం. ఇరుగుపొరుగు ధైర్యం చెప్పారన్నవాళ్లు మూడోవంతు. రెండో అంకె పట్టుకుని అంతా సవ్యంగా ఉందనడం తొందరపాటు. తిట్టినవాడు ఒకసారి తిట్టి పోతాడు, నిఘా రోజూ ఉంటుంది.

తమపై కన్నేసి ఉంచారన్న అనుమానానికి ఆధారం 2004లో బయటపడింది. ఏయే ఊళ్లలో, ఏయే పిన్‌కోడ్‌లలో అరబ్బు మూలాలవాళ్లు ఎంతమంది ఉన్నారో జనగణన శాఖ లెక్కలు తీసి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు అందించింది. పేర్లు లేవు, చట్టం మీరలేదు. అయినా జనానికి ఒళ్లు మండింది. అంకెలు రెండుచోట్లా ఒకే జనానివి. సర్వేలో ఆ జనమే సలహా మండలిలో ఉన్నారు, జనగణన శాఖ లెక్కల్లో వాళ్లకు కబురైనా లేదు.

సర్వేలో జాతి ఏమిటని అడిగితే 64 శాతం 'తెల్లవారు' అన్నారు, 31 శాతం 'ఇతరులు' అన్నారు. జనగణన పత్రంలో వీళ్లకు వేరే గడి లేదు మరి. 2020లో వంశమూలం రాసుకునే జాగా ఇచ్చేసరికి డియర్‌బోర్న్‌లో సగానికి పైగా మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా మూలాలు రాశారు. వాళ్లకంటూ ప్రత్యేక గడి ఉండాలని అమెరికా ప్రభుత్వం 2024 మార్చిలో నిర్ణయించింది.