చేప దవడతో దూది దువ్వుతారు

గుడ్డకి మట్టి అంటితే ఉతుకుతాం. పోతుంది. మరి నూలు వడికినప్పుడే పోగులో ఆకు ముక్క చిక్కుకుంటే? ఎంత ఉతికినా పోదు. పోగు మెలి దాన్ని గట్టిగా పట్టేస్తుంది. అన్నం ఉడికాక రాళ్లు ఏరగలమా? బియ్యంలోనే ఏరుకోవాలి. దూదికీ అంతే.

ఈ సంగతి శ్రీకాకుళం జిల్లా పొందూరు ఆడవాళ్లకి బాగా తెలుసు. పొందూరు ఖద్దరు పేరు మీరు వినే ఉంటారు. 1921లో గాంధీగారు 'యంగ్ ఇండియా' పత్రికలో దాని గురించి రాశారు. అక్కడ రాట్నం మీద 100 నంబరు నూలు కూడా వడుకుతారు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఆ నూలు ఒక్క కిలో తీసుకుని పొడుగునా పరిస్తే వంద కిలోమీటర్లకి తగ్గదు. పోగు ఇంచుమించు తలవెంట్రుకంత ఉంటుంది. అంత సన్న పోగులో చిన్న నలుసున్నా చాలు, అక్కడే తెగుతుంది. కదురు దగ్గర తెగకపోతే మగ్గం మీద తెగుతుంది.

అందుకే వడకడం కన్నా ముందు శుభ్రం చేసే పనే పెద్దది.

పత్తి తీసేటప్పుడే ఎండుటాకు పొడి దానికి అంటుకుంటుంది. ముందు చేత్తో ఏరుతారు. పెద్ద చెత్త పోతుంది. సన్న చెత్త పోదు. దానికి దువ్వెన కావాలి. ఏ దువ్వెన? వాలుగ చేప దవడ ఎముక!

వాలుగ మంచినీటి చేప. దాని నోరు పెద్దది. దవడ నిండా సూదుల్లాంటి సన్న పళ్లు ఒత్తుగా ఉంటాయి. అంత దగ్గర పళ్లున్న దువ్వెన చెక్కతో చెయ్యడం కష్టం. కూర వండుకునే చేప ఇలా పనికొస్తుందని మొదట ఎవరికి తట్టిందో గాని, గట్టి బుర్రే.

గింజ తీయకముందే దువ్వుతారు. ఇందులో ఒక కిటుకుంది. దూది గింజని అంటిపెట్టుకుని ఉంటుంది. గింజని పట్టుకుని దువ్వితే పీచు జారిపోదు. పిల్లకి జడ వేసే ముందు జుట్టు కుదుళ్ల దగ్గర పట్టుకుని చిక్కు తీస్తాం కదా, అలాగన్నమాట. దువ్వుతుంటే ఆకు పొడి, పొట్టు రాలిపోతాయి. మిగిలిన పీచు ఒక్క తీరుగా పడుకుంటుంది.

తర్వాత చెక్క పలక మీద ఇనప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు. ఆపైన విల్లుతో ఏకుతారు. నారి మోగుతుంటే దూది నురగలా పొంగుతుంది. ఇంకా మిగిలిన దుమ్ము కిందికి రాలుతుంది. ఆ దూదిని చుట్టి ఏకులు చేస్తారు. 'ఏకు మేకైంది' అంటాం చూడండి, ఆ ఏకు ఇదే. ఏకు ఎంత మెత్తనిదో తెలిస్తేనే ఆ మాట రుచి తెలుస్తుంది.

ఏకు తయారయ్యాక కూడా జాగ్రత్త పోదు. చేతి చెమట తగిలితే దూది అట్ట కడుతుంది. తలనూనె తగిలితే మరక పడుతుంది. అందుకని ఏకుని ఎండిన అరటి పట్టలో పెట్టి పట్టుకుని వడుకుతారు. పట్ట నున్నగా ఉంటుంది, దూదిని లాగదు. ఖర్చూ లేదు.

మిల్లులో ఈ పనులన్నీ యంత్రాలు చేస్తాయి. పొందూరులో ఆడవాళ్ల చేతులు చేస్తాయి. 1949లో పెట్టిన ఖాదీ కార్మికుల సంఘం అక్కడ ఉంది. వడికిన నూలు దానికి ఇస్తారు. కూలి నూలు చిలపల లెక్కన వస్తుంది. మరి ఏరిన పొద్దు, దువ్విన పొద్దు ఎవరు లెక్క కడతారు? చిలపని చూస్తే అవి కనబడవు. కానీ అవి లేకపోతే చిలపే లేదు. ఇప్పుడు అక్కడ వడికేవాళ్లలో పెద్ద వయసు వాళ్లే ఎక్కువ. వచ్చే కూలి చాలదని ఆడపిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. దవడతో దూది దువ్వడం పుస్తకం చూసి వచ్చే పని కాదు. అమ్మ పక్కన కూర్చుని, ఎంత గట్టిగా లాగితే పీచు తెగుతుందో, ఎంత మెల్లగా లాగితే నలుసు ఉండిపోతుందో చేతికి తెలియాలి.