ఓటీ లెక్కలో పైసలు ఎక్కడ పోతున్నాయి?

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో పనిచేసే ఒక కార్మికుడి జీతం నెలకు 15,600 రూపాయలు అనుకుందాం. నైట్ డ్యూటీకి రాత్రి 10 గంటలకు పంచింగ్ కొట్టాడు. ఉదయం 7 గంటల 40 నిమిషాలకు బయటపడ్డాడు. మధ్యలో అరగంట భోజనం. ఆ డ్యూటీకి అతనికి ఎంత రావాలి?

ముందు గంటలు తేల్చాలి. అర్ధరాత్రి దాకా 2 గంటలు, ఆ తర్వాత 7 గంటల 40 నిమిషాలు. భోజనం తీసేస్తే 9 గంటల 10 నిమిషాలు. ఇలా విడగొట్టింది కూడిక కోసమే సుమా. తేదీ మారింది కదా అని 2 గంటలు సోమవారానికి, మిగతావి మంగళవారానికి రాస్తే ఆ డ్యూటీలో ఓటీయే (ఓవర్‌టైమ్) కనిపించదు. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలనూ ముందు రోజు ఖాతాలోనే వేయమంది.

ఇక రేటు. వారానికో సెలవు పోగా నెలకు పనిదినాలు సుమారు 26. గ్రాట్యుటీ లెక్కలోనూ నెలంటే 26 రోజులే. 15,600ను 26తో భాగిస్తే రోజుకు 600, దాన్ని 8తో భాగిస్తే గంటకు 75 రూపాయలు. కొన్నిచోట్ల 30తో భాగిస్తారు. అప్పుడు గంట రేటు 65కి దిగుతుంది. నెల జీతం మారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ఓటీ మాత్రం చిక్కిపోతుంది.

ఓటీకి చట్టం చెప్పిన రేటు రెట్టింపు, అంటే గంటకు 150. మొదటి 8 గంటలకు 600 పోను, 1 గంట 10 నిమిషాలు మిగిలింది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. పే స్లిప్‌లో అది '1.10' అని పడుతుంది. క్యాలిక్యులేటర్‌లో అదే అంకె కొట్టి 150తో గుణిస్తే 165 వస్తుంది. కానీ పది నిమిషాలంటే గంటలో పదో వంతు కాదు, ఆరో వంతు. నిమిషాలను 60తో భాగించి గంటకు కలిపితే 1.1667, దానికి 175 రూపాయలు. మొత్తం 775. ఎక్సెల్‌లో వేసేవాళ్లకు మరో చిక్కుంది: దానికి ఒక రోజంటే 1. సమయాన్ని 24తో గుణించాకే గంట రేటుతో గుణించాలి. లేకపోతే ఎనిమిది గంటల కూలి పాతిక రూపాయలని చూపిస్తుంది!

పది నిమిషాలే కదా, వదిలేద్దాం అనే సూపర్‌వైజర్లూ ఉంటారు. ఓటీని గంటకు కుదిస్తే ఈ డ్యూటీకి పోయేది 25 రూపాయలు. నెలకు 26 డ్యూటీలు ఇలాగే సాగితే 650. ఒక రోజు కూలి కన్నా ఎక్కువే.

రోజు లెక్క ఒక్కటే చూసుకుంటే సరిపోదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు 9 గంటలు గానీ, వారానికి 48 గంటలు గానీ దాటితే ఓటీ ఉండేది. ఆ చట్టం లెక్కన మన కార్మికుడు 9 గంటల మీద చేసింది రోజుకు 10 నిమిషాలే. అంతవరకే చూస్తే వారానికి ఒక గంట ఓటీ. కానీ ఆరు రోజుల్లో చేసింది 55 గంటలు. 48 తీసేస్తే 7 గంటలు, 1,050 రూపాయలు. ఒక్క గంటకు 150 చేతిలో పెట్టి పంపితే 900 ఎగ్గొట్టినట్టే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు రోజు పరిమితిని 8 గంటలుగా పెట్టాయి; పైన 8 గంటల తర్వాత ఓటీ లెక్కేసింది అందుకే. ఓటీకి కార్మికుడి సమ్మతి కావాలన్నాయి. రెట్టింపు రేటు మాత్రం అలాగే ఉంది.

కాబట్టి డ్యూటీ ఎక్కిన, దిగిన టైము రోజూ ఫోన్లో రాసి పెట్టుకోండి. నెలాఖరున పే స్లిప్‌తో సరిచూడండి. తేడా ఉంటే ముందు టైమ్ ఆఫీసులో అడగండి, అక్కడ తేలకపోతే కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.