బంతి ఆడే బిడ్డకు ఇల్లే అండ

మాదన్నపేట: తెల్లవారకముందే ఇక్కడి కూరగాయల మండీ మేలుకుంటుంది. చుట్టుపక్కల పల్లెలనుంచి టమాటా, వంకాయ, ఆకుకూరలు దిగుతాయి. సరుకు అమ్ముకుని డబ్బు లెక్క చూసుకునే రైతుకు ఇంటి ఖర్చులన్నీ కళ్ళముందు కదులుతాయి. విత్తనాలు, ఎరువులు, కరెంటు బిల్లు, బడి ఫీజులు. ఇటీవల కొన్ని ఇళ్ళలో ఈ పద్దులకు మరొకటి తోడయింది. అదే ఫుట్‌బాల్ అకాడమీ.

‘మీవాడు బాగా ఆడుతున్నాడు, అకాడమీలో వేయండి’ అని బడిలో సారు చెబుతారు. పిల్లవాడు అన్నం ముందు కూర్చుని అదే మాట ఎత్తుతాడు. వేస్తే ఏమొస్తుంది? వేయకపోతే ఏం పోతుంది? డబ్బు ఎక్కడిది? చదువు చెడితే ఎవరిది పూచీ? ఇంటి పెద్దలు తేల్చుకోలేక సతమతమయ్యేది ఇక్కడే. దీనికి జవాబు వెతుక్కోవడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. జంటనగరాల బంతాట చరిత్రలోనే అది వుంది.

పాతబస్తీ బంతాట

గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు మంత్రిగా పనిచేసిన మాదన్న పేరు మీద వెలిసిన పేట ఇది. ఇక్కడినుంచి సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా దక్షిణానికి పోతే బార్కస్ వస్తుంది. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్‌లే జనం నోట బార్కస్ అయ్యాయి. ఆ బస్తీ రెండింటికి పేరు మోసింది. ఒకటి జామపండు, రెండోది ఫుట్‌బాల్.

ఒకనాడు దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా తర్వాత చెప్పుకునే పేరు హైదరాబాదే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. తులసీదాస్ బలరామ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి ఇక్కడి ఆటగాళ్ళు ఆ జట్టులో వున్నారు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. ఆయన శిక్షణలోనే భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు గెలిచింది. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

సైకిలు అద్దె

బలరామ్ 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టారు. కలిగిన ఇల్లు కాదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టేవాని చేత తనకు బూట్లు తయారు చేయించుకున్నానని ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. కుర్రవాడి ఆట రహీం సాహెబ్ కంట పడింది. హైదరాబాదు వచ్చి సాధన చేయమన్నారు. అంత దూరం రోజూ వచ్చే స్తోమత తనకు లేదని బలరామ్ చెబితే, సైకిలు అద్దెకు డబ్బు రహీం సాహెబే ఇచ్చారట. ఆ కుర్రవాడే 1956లో, 1960లో రెండు ఒలింపిక్స్ ఆడారు. రోమ్‌లో హంగరీ వంటి గట్టి జట్టు మీద గోలు కొట్టారు. 1962 జకార్తా జట్టులోనూ ఆడారు. 2023 ఫిబ్రవరిలో పోయారు.

ఈ కథలో గమనించవలసింది ఒకటి వుంది. ఆ కుర్రవాడికి ఆట వుంది, పట్టుదల వుంది. లేనిది సైకిలు అద్దె. ఆ చిన్న అడ్డు తీసేవారు లేకపోతే ఆ ఆట అమ్ముగూడ దాటేది కాదేమో. పిల్లవాడికి ఇల్లు ఇవ్వవలసిన అండ కూడా ఇలాంటిదే. పెద్ద పెద్ద మాటలు కాదు. రోజూ మైదానానికి చేరే దారి, కాళ్ళకు సరిపోయే బూట్లు, వేళకు తిండి, వేళకు నిద్ర, మధ్యలో ఆగని చదువు.

కాళ్ళకు బూట్లు, కడుపుకు తిండి

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడారు. యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. ఆ తర్వాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. మన పల్లెల్లో పిల్లలు ఇప్పటికీ వట్టికాళ్ళతోనే మొదలుపెడతారు. తప్పులేదు. కాని అకాడమీకి పంపేటప్పుడు మొదటి ఖర్చు బూట్లమీదే పెట్టాలి. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని రెండు సైజులు పెద్దవి కొనడం చాలా ఇళ్ళలో అలవాటు. వదులు బూటులో పాదం జారుతుంది, చీలమండ మెలిపడుతుంది. పేరున్న కంపెనీవే కానక్కరలేదు, పాదానికి సరిపోతే చాలు. పిక్కముందు కట్టుకునే షిన్‌గార్డు మాత్రం ఆట నిబంధనల ప్రకారం వుండి తీరాలి.

బంతికీ వయసు వుంది. ఎనిమిదేళ్ళలోపు వారికి 3వ నంబరు, పన్నెండేళ్ళ వరకు 4వ నంబరు, ఆపై 5వ నంబరు బంతి వాడటం సాధారణ పద్ధతి. చిన్నవాడి చేత పెద్దబంతి ఆడిస్తున్నారంటే అక్కడి శిక్షణ ఎలాంటిదో ఆలోచించుకోవాలి. తలతో బంతి కొట్టడం ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు నేర్పవద్దని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2020లో సూచించింది. తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లవాడిని ఆ రోజు మళ్ళీ ఆటలోకి దించరాదు. డాక్టరుకు చూపించాలి.

తిండికి డబ్బాల్లో అమ్మే పొడులు అక్కరలేదు. రాగి జావ, పల్లీలు, బెల్లం, గుడ్డు, పప్పు, పెరుగు మన ఇళ్ళలో వున్నవే. ఆటకు ముందు కడుపునిండా తినరాదు, పస్తు కూడా పోరాదు. ఎండాకాలం మంచినీళ్ళ సీసా ఇంటినుంచే కట్టి పంపాలి. ఎత్తు పెరిగే వయసులో కొందరికి మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంది. ‘నాటకాలు ఆడుతున్నాడు’ అని కసరరాదు. అది ఎదిగే ఎముక దగ్గర పుట్టే నొప్పి. కొన్నాళ్ళు ఆట తగ్గించి, డాక్టరు సలహా తీసుకుంటే సర్దుకుంటుంది.

చేర్చేముందు అడగవలసినవి

రంగుల బోర్డు, విదేశీ జట్ల బొమ్మలు చూసి ఫీజు కట్టరాదు. ముందు ఒక సాయంత్రం పోయి మైదానం పక్కన నిలబడి చూడాలి. ఒక్క కోచ్ కింద ఎంతమంది పిల్లలున్నారు? అందరి కాళ్ళకూ బంతి అందుతున్నదా, లేక సగంమంది వరుసలో నిలబడి చూస్తున్నారా? కోచ్‌కు శిక్షకుల లైసెన్సు వుందా? మన దేశంలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ‘డి’ లైసెన్సు ఇలాంటిదే. పిల్లవాడి పేరు సమాఖ్యలో నమోదు చేయిస్తారా? హాస్టలు వుంటే రాత్రి పిల్లలను ఎవరు చూసుకుంటారు, బడి ఎక్కడ, ఇంటికి ఫోను చేసుకోనిస్తారా? ఇవి అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూడకుండా కొంటామా? పిల్లవాడిని అప్పగించేటప్పుడు ఇంకెంత చూడాలి!

ఫీజు భరించలేనివారికి ప్రభుత్వ మార్గం వుంది. 1993లో మొదలైన హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతిలో పిల్లలను చేర్చుకుంటారు. ఆడపిల్లలకూ అవకాశం వుంది. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు. అది ఒక్క ఫుట్‌బాల్ కోసమే పెట్టిన బడి కాదు. అయినా పొలంగట్ల మీద పరుగెత్తి పెరిగిన పల్లె పిల్లలకు ఈ పరీక్షలు కొత్తవి కావు.

ఆడపిల్ల ఆడతానంటే ఇంటివారికి ఇంకొక పరీక్ష కూడా ఎదురవుతుంది. ‘నిక్కర్లు వేసుకుని ఆటలేంటి?’ అనే ఇరుగుపొరుగు నోళ్ళకు జవాబు చెప్పవలసింది పిల్ల కాదు, తల్లిదండ్రులు. నిజామాబాద్ జిల్లా తండానుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత సీనియర్ జట్టుకు ఆడింది. 2022లో ఐరోపాలోని క్రొయేషియాకు పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. ఆ దారి ఒకరు నడిచి చూపించారు కనుక రెండో అమ్మాయికి కొంత సులువు.

వయసు దిద్దవద్దు

కొన్నిచోట్ల ఒక సలహా ఇస్తారు. ‘సర్టిఫికెట్‌లో రెండేళ్ళు తగ్గించండి, చిన్నవాళ్ళలో మీవాడే మొనగాడవుతాడు’ అని. వినరాదు. జాతీయ స్థాయి బాలుర ఎంపికల్లో మణికట్టు ఎముకలను బట్టి వయసు తేల్చే పరీక్షలున్నాయి. ప్రపంచ సంస్థ ఫిఫా కూడా 2009 నుంచి 17 ఏళ్ళలోపు ప్రపంచ కప్పులో మణికట్టు స్కానింగు వాడుతున్నది. అక్కడ దొరికితే పోయేది ఒక టోర్నమెంటు కాదు, పిల్లవాడి పేరు. అబద్ధం ఆడింది పెద్దలు, తల దించుకునేది బిడ్డ. దొరకకపోయినా నష్టమే. తనకంటే చిన్నవారిని తోసుకుపోవడం అలవాటైనవాడు సమవయస్కుల మధ్యకు వచ్చేసరికి తేలిపోతాడు.

‘ఎన్ని గోల్స్ కొట్టావు?’

ఇంటికి రాగానే ఈ ప్రశ్న అడగడం మనకు అలవాటు. దీనివల్ల పిల్లవాడు బంతి పక్కవాడికి ఇవ్వడం మానేస్తాడు. ఫుట్‌బాల్ పదకొండుమంది ఆట. గోలు ఆపినవాడూ, బంతి అందించినవాడూ లేకుండా గోలు లేదు. రహీం సాహెబ్ కుర్రవాళ్ళకు విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక దాంట్లో వాటం లేని కాలుతోనే కొట్టాలి. మరొక దాంట్లో బంతిని ఒక్కరే అట్టిపెట్టుకుని పరుగు తీయరాదు, వెంటనే పక్కవాడికి అందించాలి. ఆ వయసులో గెలుపు కంటే నేర్పు ముఖ్యమని ఆయన ఏనాడో గుర్తించారు. నార్వేలో 1987లోనే పిల్లల ఆటలకు నియమాలు చేసుకున్నారు. అక్కడ చిన్నపిల్లల పోటీల్లో గెలుపోటముల పట్టికలు ప్రకటించరు.

‘ఇవాళ ఏం నేర్చుకున్నావు బిడ్డా? సంతోషంగా ఆడినవా?’ అని అడిగి చూడండి. మైదానం గట్టుమీదనుంచి కేకలు పెట్టడం కూడా మంచిది కాదు. కోచ్ ఒకటి చెప్పి తండ్రి మరొకటి అరిస్తే పిల్లవాడు ఎవరి మాట వినాలి? అడగవలసింది ఏదైనా వుంటే ఆట అయ్యాక కోచ్‌ను పక్కకు పిలిచి అడగాలి.

తీసేసిన నాడు

చెప్పుకోవడానికి కష్టమైనా చెప్పక తప్పని మాట ఒకటి. అకాడమీల్లో చేరిన పిల్లల్లో జీవితాంతం ఆటమీద బతికేవారు చాలా కొద్దిమంది. లక్షలు గుమ్మరించే ఇంగ్లండ్ క్లబ్బుల్లోనూ అంతే. పద్నాలుగు, పదిహేనేళ్ళకు ‘ఇక రానక్కరలేదు’ అనిపించుకుని ఇల్లు చేరే పిల్లలే ఎక్కువ. జట్లకు కూడా స్థిరత్వం లేదు. 2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచి నగరానికి పేరు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. బలరామ్ అంతటివారికే ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్ఫై ఏళ్ళు నిండకముందే ఆట ఆగిపోయింది.

కనుక పుస్తకాల సంచీ పక్కన పడేయించరాదు. పదో తరగతి పరీక్షలు ఆటవల్ల తప్పినా పరవాలేదన్న మాట ఏ కోచ్ అన్నా ఒప్పుకోరాదు. ఆటకోసం పొలం తాకట్టు పెట్టడం అంతకంటే పొరపాటు. ‘నీకోసం ఇంత ఖర్చు చేశాం’ అన్న మాట పిల్లవాడి కాళ్ళకు రాయి కట్టినట్టే. తట్టుకోగలిగినంతే పెట్టాలి. పెట్టింది మరిచిపోవాలి.

అకాడమీనుంచి వెనక్కి వచ్చిన సాయంత్రం ఇంట్లో ఏం మాట వినబడుతుందన్నదే అసలు పరీక్ష. ‘డబ్బంతా దండగ చేశావు’ అంటే ఆ పిల్లవాడు బంతిని ఇక ముట్టడు, మనసు విప్పి మాట్లాడడు కూడా. ‘కాళ్ళు కడుక్కుని అన్నం తిను, రేపు బడికి పోదువు, సాయంత్రం మన ఊరి మైదానంలో ఆడుకుందువు’ అంటే నిలబడతాడు. క్రమం తప్పక లేవడం, పదిమందితో కలిసి మెలగడం, ఓడినా మర్నాడు మళ్ళీ రావడం వంటివి ఆట నేర్పిన విద్యలే. అవి ఎవరూ తీసేసుకోలేరు.

రహీం సాహెబ్ సైకిలు అద్దె ఇచ్చిన నాడు ఆ కుర్రవాడు ఒలింపిక్స్ ఆడతాడని ఎవరూ పత్రం రాసి ఇవ్వలేదు. ఆడాలన్న ఆశ చూసి ఇచ్చారు. మాదన్నపేట మండీలో డబ్బు లెక్క చూసుకుని ఊరి బస్సు ఎక్కే తండ్రికైనా, ఇంట్లో టిఫిను డబ్బా సర్దే తల్లికైనా ఆపాటి అండ చేతనవుతుంది. తక్కినది పిల్లవాడి కాళ్ళలో వుంది.