ఎండలో వచ్చిన వరద

అది కొల్లేరులో ఒక లంక ఊరు. రెండు రోజులుగా వాన లేదు. ఎండ బాగా కాస్తోంది. ఆడవాళ్ళు బట్టలు ఉతికి ఆరేశారు. సాయంత్రానికి ఊరి దారి మీదికి నీళ్ళు వచ్చాయి.

"ఇదేం చోద్యమే? చుక్క వాన లేదు. నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?" అంది మామ్మ.

"మొన్న రేడియోలో చెప్పారు కదా మామ్మా, మైలవరం వైపు కుండపోత వాన అని! మన ఊరి పేరు లేదుగా అని మనం ఊరుకున్నాం" అంది మనవరాలు.

మనవరాలు చెప్పింది నిజం. పైన పడిన వాన కిందికి రాక తప్పదు.

నీళ్ళు ఎలా వస్తాయి?

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం. బుడమేరు మైలవరం కొండల వైపు నుంచి వస్తుంది. తమ్మిలేరు ఖమ్మం జిల్లాలో పుట్టి, చింతలపూడి, ఏలూరు మీదుగా వస్తుంది. ఇంకా ఎన్నో మురుగు కాలువలు ఇందులోకే దిగుతాయి. నీరు వచ్చే దారులు చాలా. సముద్రానికి పోయే దారి ఒక్కటే. అదే ఉప్పుటేరు. దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సముద్రం పోటు మీద ఉంటే నీరు త్వరగా దిగదు. అందుకే కొల్లేరులో వరద నెమ్మదిగా తీస్తుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలను ముంచింది. తర్వాతి రోజుల్లో ఆ నీరు కొల్లేరు చేరింది. లంక ఊళ్ళ దారులు మునిగాయి.

తాడేపల్లిగూడెం వైపు కూడా ఇంతే. జంగారెడ్డిగూడెం మెట్టలో గట్టి వాన పడితే ఎర్రకాలువ పొంగుతుంది. కింద చేలు మునుగుతాయి.

వార్తల్లో మాటలు

సముద్రం మీద ముందు అల్పపీడనం పుడుతుంది. అది బలపడితే వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుఫాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. సార్వా పంట కోతకు వచ్చేదీ అప్పుడే.

వానను మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఎకరం మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 వేల లీటర్ల నీరు. అంటే 20 లీటర్ల బిందెలు 2 వేలు! ఒక్క రోజులో 65 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. 116 పడితే అతి భారీ వర్షం.

వాతావరణ శాఖ జిల్లాలకు రంగులు కూడా ఇస్తుంది.
ఆకుపచ్చ: భయం లేదు.
పసుపు: కనిపెట్టి ఉండాలి.
నారింజ: సిద్ధంగా ఉండాలి.
ఎరుపు: వెంటనే కదలాలి.

మన జిల్లా రంగు ఒక్కటే చూస్తే చాలదు. కొల్లేరు వాళ్ళు ఎన్.టి.ఆర్. జిల్లా రంగు, ఖమ్మం జిల్లా రంగు కూడా చూడాలి.

ఏడాది కబురు వేరు, వారం కబురు వేరు

ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర ఒకసారి వానాకాలం ఎలా ఉంటుందో చెబుతారు. అందులో ముఖ్యమైన లెక్క దేశం మొత్తానిది. "ఈ ఏడు వానలు మామూలే" అంటే మన చేలో మామూలే అని కాదు. నారు పోయాలన్నా, కోత కోయాలన్నా నాలుగైదు రోజుల కబురు వినాలి.

కోతకు వచ్చిన చేనుంటే వాన కబురు వినగానే పనలు మెరకకు చేర్చాలి. ముసురు పడితే చేపల చెరువులో ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అలాంటి రోజుల్లో మేత తగ్గించాలి. లంక ఊళ్ళ వాళ్ళు బియ్యం, మందులు, రేషను కార్డు మెరక మీద పెట్టుకోవాలి. గొడ్లను ముందే గట్టు మీదికి తోలాలి.

ఇప్పుడు మామ్మ రోజూ వార్తలు వింటోంది. మన ఊరి సంగతి వినగానే ఊరుకోదు. "పైన ఎంత పడిందటే?" అని అడుగుతుంది.

ఆలోచించండి: మీ ఊరికి వరద ఏ వాగు నుంచి వస్తుంది? ఆ వాగు పైన ఏ ఊళ్ళున్నాయి? వాటి పేర్లు రాసి గోడకు అంటించండి. వార్తల్లో ఆ పేర్లు వినండి.