మఠంలో ఉమ్మడి జీవితం

పొందూరులో నూలు వడికే స్త్రీకి చిలపల లెక్కన వచ్చే కూలి ఆమె ఇంటి ఖర్చుకు చేరుతుంది. మరి బడిలో పాఠాలు చెప్పే కతోలిక మఠకన్య జీతం ఎవరికి చెందుతుంది? 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం, 668వ సూత్రం ప్రకారం ఆమె శ్రమతో సంపాదించినది ఆమె సభకే చెందుతుంది. తిండి, బట్ట, మందులు ఆ ఉమ్మడి నిధి నుంచే. దీన్ని హాస్టలు జీవితంతో పోల్చకండి. అక్కడ కప్పు ఒకటే గాని ఎవరి డబ్బు వారిది.

ఈ పద్ధతికి ఆదర్శం ఆస్తిని పంచుకున్న తొలి క్రైస్తవ సమాజం. 'అపోస్తలుల కార్యములు' దాన్ని వర్ణిస్తుంది. మఠంలో సత్ప్రసాదం, అంటే పూజలో పవిత్రపరచిన అప్పం, ఉంచే ప్రార్థనాలయం ఉండాలని 608వ సూత్రం చెబుతుంది. ఆ అప్పంలో పాలుపంచుకున్నవారు అన్నం కుండనూ పంచుకుంటారన్నమాట.

అనెసీ పట్టణపు సెయింట్ జోసెఫ్ సభ మఠకన్యలు 1849లో యానాం చేరారు. భాష తెలియని ఆ దేశంలో వారికి మఠమే ఇల్లు.

అయితే డబ్బు పంచుకోవడం కన్నా మనుషులతో సర్దుకోవడమే కష్టం. తోటివారిని ఎంచుకునే వీలు లేదు. పెద్దలు బదిలీ చేస్తే వెళ్లాలి. ఊళ్లో తల్లి మంచాన పడినా, జీతంలోంచి సొంతంగా పంపలేదు. మఠం పెద్దను అడగాలి.