ఇల్లు మాఱినను పేరు మాఱదు

హైదరాబాదు ఐ.ఐ.టి. 2008వ సంవత్సరమున ఎద్దుమైలారములోని ఆయుధ కర్మాగారపు టావరణమున ఆరంభమై, 2015లో సంగారెడ్డి చెంతనున్న కందియందలి సొంత భవనములకు తరలివచ్చెను. ఇల్లు మాఱెనుగాని పేరు మాఱలేదు. వెబ్‌సైటును ఒక హోస్టింగునుండి మఱియొకదానికి మార్చుటయు నిట్టిదే.

డొమైను అనగా వెబ్‌సైటు పేరు. హోస్టింగు అనగా అది కాపురముండు ఇల్లు. కంప్యూటర్లు ఒకదాని నొకటి అంకెలతోనే గుర్తించును. ఏ పేరునకు ఏ అంకెలో అడిగినవారికి చెప్పునదియే నేమ్‌సర్వరు. తొలినాళ్లలో నెట్‌వర్కునందలి పేర్లన్నియు అమెరికాలో ఒక్క పట్టికయందే వ్రాయబడుచుండెను. ఆ పట్టిక మోయరానిదగుటచే, ఆ పనిని అనేక సర్వరులకు పంచి యిచ్చు విధానమును 1983లో పాల్ మొకాపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు కల్పించెను.

మార్పునకు ఒక వరుస కలదు. మొదట పాత యింటనున్న పుటలను, చిత్రములను, డేటాబేసును క్రొత్త యింటికి ప్రతిచేసి, అచ్చట అన్నియు సరిగా తెఱచుకొనుచున్నవో లేదో చూడవలెను. పిదప డొమైనునకు చెందిన రికార్డులన్నిటిని క్రొత్త నేమ్‌సర్వరులందు వ్రాయవలెను. తుదకు, డొమైనును నమోదుచేసిన రిజిస్ట్రారువద్ద పాత నేమ్‌సర్వరుల పేర్లు తీసి క్రొత్తవి చేర్చవలెను.

అయినను ఈ మార్పు లోకమున కంతటికి తక్షణమే తెలియదు. ఇతర సర్వరులు తాము పూర్వము వినిన జవాబును కొంతకాలము దాచుకొనును. ఆ గడువు కొన్ని గంటలు కావచ్చును, ఒకటి రెండు దినములును కావచ్చును. కావున కనీసము 48 గంటలు గడచువఱకు పాత యింటికి తాళము వేయరాదు.

ఇదంతయు నెఱిగియు మేమొక పొరపాటు చేసితిమి. మన పాఠశాల వెబ్‌సైటును మార్చునపుడు, ఈ-మెయిలు ఎచ్చటికి పోవలెనో తెలుపు రికార్డును వ్రాయ మఱచితిమి. వెబ్‌సైటు చక్కగా తెఱచుకొనుటచే పని ముగిసినదని సంతసించితిమి. కాని పటాన్‌చెరులో రాత్రి షిఫ్టు చేయు నొక తండ్రి, తన కుమార్తె ప్రవేశమునకై పంపిన దరఖాస్తు మాకు చేరలేదు. గడువు నాడు ఆయన నిద్ర మాని స్వయముగా వచ్చి, "మా పాప దరఖాస్తునకు జవాబేల యియ్యలేదు?" అని యడిగినప్పుడుగాని మా తప్పు మాకు తెలియలేదు. ఆయన రాకుండిన యెడల ఆ బాలికకు ఆ యేడు చోటు తప్పియుండును.

నాటినుండి మేము రికార్డుల జాబితాను కాగితముపై వ్రాసి, ఇద్దఱము కలిసి సరిచూచుకొని, ఈ-మెయిలు పంపి పరీక్షించిన పిదపనే పని ముగిసినదని చెప్పుచున్నాము. తలుపు తెఱచుకొన్నంత మాత్రమున చాలదు. ఆ పేరు నమ్మి పంపిన ప్రతి యుత్తరమును లోనికి చేరవలెను.